ఊక అని చెప్పాను

దుమ్ము నెల, 2

ఈరోజు అద్దాలు రెండుసార్లు తుడవాల్సి వచ్చింది. పడమటి నుంచి దుమ్ము లేస్తోంది. బూడిద నిండుకుంటే పొయ్యి అడుగు గీకి తెచ్చి, పాత చీర పీలికతో రుద్దాను. గిడ్డయ్య తాత కింద నిలబడి "ఆ మూల వదిలేసినావ్ మే సుంకమ్మా" అని అరుస్తూనే ఉన్నాడు. ఈ గద్దగుట్టకు ఆయన పెద్ద. పెద్దలకు మూలలే కనపడతాయి.

పక్క కొండల నుంచి అద్దం వెలుగుతో వచ్చిన కబుర్లలో ఒకదాని తలమాటను దుమ్ము తినేసింది. తలమాట ఉంటే నాతో పనిలేదు. ఇది ఫలానావాళ్ళకు, ఫలానా రకం తాళం అని అందులోనే ఉంటుంది. అది పోతేనే పలక నా ముందుకు వస్తుంది. అద్దం వెలుగు అన్ని కొండలకూ కనపడుతుంది, లోయలో తిరిగే నీళ్ళదొంగలకూ కనపడుతుంది. అందుకని తాళం వెయ్యకుండా ఎవరూ మాట పంపరు. అది ఏ రకం తాళమో చెప్పడం నా పని. ఆపైన విప్పేవాళ్ళు విప్పుకుంటారు.

ఇవాళ్టిది మారువేషం. పలకంతా చూస్తే 'ఢ' అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చింది. మామూలు మాటల్లో 'ఢ'కు అంత పనేముంది? రోజూ వాడే అక్షరం ఏదో దాని ముసుగు వేసుకుని తిరుగుతోందన్నమాట. రకం చెప్పి ఇచ్చేశాను. విప్పితే ఉప్పు బండ్ల కబురట.

సాయంత్రం నీళ్ళ గాడిదల వెంట నల్లబోడు నుంచి ఒక పిల్ల వచ్చింది. పేరు హంపమ్మ. పాతికేళ్ళుంటాయి. నాకు తోడుగా రకాలు చెప్పే పని నేర్చుకోవడానికి పంపారట. తోడు కావాలని నేను ఎవర్నీ అడగలేదు.

నల్లబోడు మీద మా ఆయన ఎర్రిస్వామి ఉన్నాడు. వానలు వెనకబట్టినప్పటి నుంచి అక్కడి పెద్దద్దం బిగించే పనిలో ఉన్నాడు. ఆ కొండ మీద ఇన్నాళ్ళూ ఉన్నది ముగ్గురే: ఆయన, గాడిదలు కాసే ముసలి బాలన్న, ఈ పిల్ల. గాడిద దిగీ దిగగానే నా దగ్గరికి వచ్చింది.

"బావ బాగుండాడక్కా. నీకు చెప్పమన్నాడు."

"ఎవరే నీకు బావ?"

"నువ్వు అక్కవైతే ఆయన బావే గదా?"

"అట్లయితే నన్ను వదినా అని పిలువు" అన్నాను. అప్పుడు ఆయన చచ్చినట్టు అన్న అవుతాడు.

ఆ పిల్ల పకపకా నవ్వి "సరే వదినా" అంది. నవ్వితే పళ్ళు వరసగా ఉన్నాయి. అది కూడా రాసిపెడుతున్నాను. రకం చెప్పేవాళ్ళు రోజూ జరిగింది రాయాలని కొండ నియమం. ఎవరూ చదవరు కాబట్టి నా ఇష్టం వచ్చినట్టు రాస్తాను.

దుమ్ము నెల, 4

పొద్దున ఇంకో తల లేని పలక వచ్చింది. నేను నా పద్ధతిలో మొదలుపెట్టాను. ముందు ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో చుక్కలు పెట్టుకోవాలి. మామూలుగా ఎక్కువ వచ్చే అక్షరాలే ఎక్కువ వచ్చి, మాటలు మాత్రం కుదరకపోతే అది చెదురు: అక్షరాలు అవే, చోట్లు మారాయి. ఏదో కొత్త అక్షరం ఎగబడితే మారువేషం. ఏదీ ఎగబడకుండా కాస్త చదునుగా ఉంటే చుట్టుమాట కావచ్చు. ఒక మాటను గుట్టుగా పెట్టుకుని, దాని అక్షరాలను కబురు పొడుగునా తిప్పి తిప్పి వాడతారు. అది తేలాలంటే అదే కబురును రెండో పలక మీద రాసి, మొదటి దాని కింద ఒక్కో గడీ జరుపుతూ, ఎక్కడ అక్షరాలు ఎక్కువగా ఒకదాని కింద ఒకటి పడుతున్నాయో చూడాలి. పూటంతా పడుతుంది.

నేనింకా చుక్కలు పెడుతున్నాను. హంపమ్మ నా భుజం మీదుగా తొంగిచూసి, పలకను పైకి చదవడం మొదలుపెట్టింది. అర్థం లేని అక్షరాలను పాటలాగా, తొడ మీద తాళం వేసుకుంటూ. రెండుసార్లు చదివి ఆగింది.

"ఇది చుట్టుమాట వదినా. ఐదక్షరాల మాట తిరుగుతాంది."

"ఎవరు చెప్పారు?"

"ఐదుకొకసారి చెవికి ఏదో తగులుతాంది."

చెవికి తగులుతుందట! నేను పలకలు జరిపి చూశాను. ఐదో గడి దగ్గర అక్షరాలు టపటపా కలిశాయి. గిడ్డయ్య తాతకు సంతోషం పట్టలేదు. తన ముంతలోని మజ్జిగ ఆ పిల్లకు పోశాడు. నేను ఈ పీట మీద కూర్చున్నప్పటి నుంచి నాకు ఒక్కసారైనా మజ్జిగ పోసిన మనిషి కాదు.

ఆ కోపంలో పలకలు కడుగుతుంటే ఒకటి అంచు విరిగింది. ఇవి తాతల కాలంనాటి చేతిపలకల నల్లగాజులు. మా అవ్వ చిన్నప్పుడు అవి వెలిగేవట, పాడేవట, ఎంత దూరాన ఉన్నవాళ్ళతోనైనా మాట్లాడించేవట. ఇప్పుడు వాటి మీద బలపం బాగా పడుతుంది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. విరిగితే మళ్ళీ దొరకవు. తాత నన్ను కసిరాడు. హంపమ్మ వెంటనే "నా చెయ్యి తగిలింది తాతా" అని తన మీద వేసుకుంది.

నా తప్పు తను మోయడానికి తనెవరు? నాకు ఇంకా మండింది.

దుమ్ము నెల, 7

ఇవాళ ఊక చేసే వంతు మాది.

ప్రతి కొండా రోజూ కొంత ఊక పంపాలి. ఊక అంటే అర్థం లేని అక్షరాలు. అసలు కబురు ఉన్నప్పుడే అద్దం వెలిగితే ఇవాళ ఏదో జరుగుతోందని దొంగలకు తెలిసిపోతుంది కదా. అందుకే ఊక అందినా 'అందింది' అని వెలుగు చూపిస్తాం, అసలు కబురు అందినా అదే చూపిస్తాం.

పైకి అచ్చం ఊకలాగే ఉండేది ఇంకోటుంది: ఒంటితాళం. ప్రాణం మీదికి వస్తే తప్ప దాన్ని వాడరు. అందులో ఒక్కో అక్షరానికి ఒక్కో తాళం. ఆ తాళాలన్నీ ఒక రేకు మీద రాసి, లక్కముద్ర వేసి, రెండు కొండల మీదా దాచి ఉంచుతారు. ఒక రేకు ఒక్క కబురుకే. ముద్ర విప్పామా, పనికొచ్చినా రాకపోయినా పొద్దు మునిగేలోపు దాన్ని కాల్చెయ్యాలి. నల్లబోడుతో మాకు మిగిలింది ఒకే ఒక్క రేకు. కొత్తవి వానలకు గానీ రావు.

ఊకలోనూ అక్షరాలన్నీ చదునుగా ఉంటాయి, ఒంటితాళంలోనూ అంతే. ఈ రెండింటికీ తేడా చెప్పడం ఎవరి తరమూ కాదని అన్ని కొండల మీదా అనుకుంటారు. నేను చెప్పగలను. నాకేదో అమ్మవారి చలవ ఉందని గిడ్డయ్య తాత నమ్మకం. నేనూ కాదనలేదు.

చలవ లేదు, ఏమీ లేదు. ఊక చెయ్యాలంటే సంచిలో చెయ్యి పెట్టి, అక్షరం చెక్కిన చింతగింజ ఒకటి తీసి, రాసుకుని, మళ్ళీ సంచిలో వేసి, కలిపి, ఇంకోటి తియ్యాలి. ఎవరికుంది ఆ ఓపిక? అందరూ నోటికొచ్చింది రాసేస్తారు. అట్లా రాసేవాడు ఒకే అక్షరాన్ని పక్కపక్కన రెండుసార్లు రాయడు. అట్లా రాస్తే కలిపినట్టు ఉండదని వాడి భయం. నిజంగా కలిసిన అక్షరాల్లో జంటలు వాటంతట అవే పడతాయి, పలకకు మూడో నాలుగో. ఒంటితాళంలోనూ పడతాయి. కాబట్టి జంటలు లేకపోతే ఊక, ఉంటే ఒంటితాళం.

ఇది మా ఆయన పుణ్యమా అని తెలిసింది. పెళ్ళయిన కొత్తలో ఆయన ఇక్కడే ఊక రాసేవాడు. గోడకు ఆనుకుని, కూనిరాగం తీస్తూ, సంచి తల కింద పెట్టుకుని. ఆయన పలకలు తుడిచీ తుడిచీ ఒకరోజు గమనించాను, ఒక్క జంటా లేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంక నేనెందుకు?

హంపమ్మ గింజలు తీస్తూ అడిగింది. "ఊకకూ ఒంటితాళానికీ తేడా నువ్వు చెప్తావంటనే. ఎట్ల వదినా?"

"చూస్తే తెలుస్తుంది."

"నాకూ చూపించు వదినా."

"చూడగా చూడగా వస్తుంది" అన్నాను. మొహం కాస్త చిన్నబోయింది. హాయిగా అనిపించింది.

ఆ హాయి ఎంతోసేపు లేదు. "నల్లబోడులో ఊకంతా నేను సంచి పెట్టే చేస్తి. ఎర్రన్నకూ నేర్పించినా. నువ్వు పోయినాక నేనే గింజలు తీసి రాస్తాలే అని ఒట్టేసినాడు" అంది.

ఒట్టేశాడట. ఈ పిల్లకు. సంచి వాడమని నేను ఎన్నేళ్ళు చెప్పాను? చాప చుట్టమని చెప్పాను, తిన్న కంచం కడగమని చెప్పాను, దగ్గు తగ్గేదాకా చన్నీళ్ళు తాగొద్దని చెప్పాను. ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసిన మనిషి ఈమె చెప్పగానే సంచి పట్టుకున్నాడట. రాత్రి సంగటి ముద్ద గొంతు దిగలేదు.

దుమ్ము నెల, 8

హంపమ్మ చేత కొండ మెట్లన్నీ ఊడ్పించాను. పాడుకుంటూ ఊడ్చింది. పైనుంచి మళ్ళీ దుమ్ము పడింది. మళ్ళీ ఊడ్చింది. ఏం మనిషో.

దుమ్ము నెల, 10

మధ్యాహ్నం నల్లబోడు అద్దం వెలిగింది. అప్పుడే గాలి లేచి తలమాట పోయింది. మిగతాదంతా దక్కింది. అద్దం దగ్గర చూపు పెట్టి అక్షరాలు చెప్పింది హంపమ్మ, రాసింది నేను. తాత 'అందింది' అని వెలుగు చూపించి కిందికి వచ్చాడు.

పలక చదునుగా ఉంది. చుట్టుమాట కాదు, జరిపి చూశాను. ఇక ఊకైనా కావాలి, ఒంటితాళమైనా కావాలి.

హంపమ్మకు కాలు నిలవడం లేదు. "తాతా, ఇది ఎర్రన్న చెయ్యి కాదు. ఆయన వెలుగు టకటకా పడుతుంది. ఇది ఆగి ఆగి పడింది. బాలన్నది అయ్యుంటుంది. బాలన్న అద్దం ముట్టంగా నేను ఎప్పుడూ చూడలేదు. ఏదో అయింటుంది తాతా."

"నా మొగుడి చెయ్యి నాకంటే నీకు బాగా తెలుసా?" అన్నాను.

తాత నేల చూపులు చూశాడు. హంపమ్మ మొహం ఎర్రబడింది. "అది కాదు వదినా..."

"నువ్వు ఉండు." తాత దాన్ని ఆపి నా వైపు తిరిగాడు. "సుంకమ్మా, నువ్వు చెప్పు. ఒంటితాళమంటే రేకు విప్పుతా. తీరా అది ఊకైతే రేకు పాయె, వానలదాకా నల్లబోడుకు ఏమైనా మనకు తెలీదు. ఊకంటే తుడిపిచ్చేస్తా. నీ మాటే మాట."

వేలు పెట్టి చూశాను. జంటలు నాలుగు. స్పష్టంగా ఉన్నాయి. ఇంకో రోజైతే రెండో మాట లేకుండా ఒంటితాళమని చెప్పేదాన్ని.

కానీ ఎందుకుండవు జంటలు? సంచిలో చెయ్యి పెట్టి, ఆ పిల్లను తలుచుకుంటూ, ఒక్కో గింజా తీసి రాస్తున్నాడు కదా ఇప్పుడు! ఒట్టు నిలబెట్టుకుంటున్నాడు. వెలుగు ఆగి ఆగి పడిందంటే అదీ అందుకే. గింజ తియ్యాలి, చూడాలి, వెలిగించాలి. ఇదంతా నాకు కళ్ళకు కట్టినట్టు కనపడింది. ఈ పిల్ల ఏమో అక్కడి సంగతులన్నీ తనకే తెలిసినట్టు తాత ముందు కంగారు పడుతోంది.

"ఊక" అని చెప్పాను.

"గట్టిగా చెప్తాండావా?"

"గట్టిగానే."

తాత ఊపిరి వదిలి రేకును మళ్ళీ పెట్టెలో పెట్టాడు. పలకను హంపమ్మ చేతికిచ్చి తుడవమన్నాను. తీసుకుపోయింది.

దుమ్ము నెల, 11

హంపమ్మ నాతో మాట్లాడటం లేదు. అడిగినదానికి ఊ, ఆ అంటోంది. పాటలు లేవు. తాత నాకు మజ్జిగ పోశాడు. ఇన్నేళ్ళకు. "నువ్వు లేకుంటే అనవసరంగా రేకు కాల్చేవాణ్ణి మే" అన్నాడు.

మజ్జిగ పుల్లగా ఉంది. తాగాను. గెలిచినదానికి ఉండాల్సినట్టు లేదు నా మనసు. ఆయన సంచి ముందు బుద్ధిగా కూర్చున్నట్టు కనపడుతూనే ఉంది. నా దగ్గర లేని బుద్ధి ఎక్కడి నుంచి వచ్చింది?

దుమ్ము నెల, 13

గాడిదలకు నీళ్ళు పెడుతున్నారు. అవి తాగేలోపు రాసేస్తాను.

పొద్దున తుడిచే గట్టు దగ్గరికి వెళ్ళాను. తలమాట ఉన్న ఊక పలకలు నేరుగా అక్కడికి పోతాయి, నేను చూడను. ఇవాళ చూడాలనిపించింది. నిజం రాయాలంటే, కడుపుమంట కోసమే వెళ్ళాను. ఆ పిల్ల కోసం మా ఆయన ఎన్ని జంటలు పడేట్టు కష్టపడుతున్నాడో లెక్కపెట్టి, ఇంకా కాస్త ఏడవాలని.

నల్లబోడు పలక తీశాను. చివరిదాకా వేలు పెట్టి చూశాను. జంట లేదు. మళ్ళీ మొదటి నుంచి చూశాను. లేదు. నిన్నటిది ఇంకా తుడవలేదు. అదీ తీశాను. ఒక్క జంటా లేదు.

ఆయన సంచి ముట్టనే లేదు. గోడకు ఆనుకుని నోటికొచ్చింది రాస్తున్నాడు, ఎప్పటిలాగే. మా ఆయన ఏమీ మారలేదు. మరి మొన్నటి పలక మీద నాలుగు జంటలు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఒక్కరోజు ఆగి వాళ్ళ ఇంకో ఊకను చూసి ఉంటే సరిపోయేది. ఆ ఆలోచన రాకపోలేదేమో, నేనే రానివ్వలేదేమో.

హంపమ్మ అద్దం దగ్గర ఉంది. "నిన్నా ఇవాళా వెలుగు ఎవరిది?" అని అడిగాను.

"బాలన్నదే" అంది, నా వైపు చూడకుండా. "మొన్నటి నుంచీ బాలన్నదే."

"ఆ పలక తుడిచేశావా?" అన్నాను.

హంపమ్మ లోపలికి పోయి, తన చాప కింద నుంచి పలక తెచ్చి ఇచ్చింది. ఒక్క అక్షరం చెరగలేదు. "నువ్వు తిడతావని దాచిపెట్టినా. నాకు మనసొప్పలేదు వదినా" అంది.

ఆ క్షణంలో దాని కాళ్ళ మీద పడొచ్చు. పడలేదు. పలక లాక్కుని తాత దగ్గరికి పరిగెత్తాను.

"తప్పు చెప్పాను తాతా. అది ఒంటితాళం. రేకు విప్పు."

"మూడు దినాలైనాక చెప్తాండావా? ఇప్పుడెట్ల తెలిసింది?"

"ముందు విప్పు."

ఒంటితాళం పెద్ద ఒక్కడే విప్పాలి. నేను గడప బయట కూర్చున్నాను. బలపం చప్పుడు ఆగి ఆగి వినపడింది. చాలాసేపటికి ఆగిపోయింది. తాత బయటికి రాలేదు. నేనే లోపలికి వెళ్ళాను.

"ఏముంది తాతా?"

"నీకు చెప్పకూడదని ఉంది."

"కబురులో ఏముందో చెప్పు."

"అదే మే చెప్తాండేది. కబురులోనే ఉంది, నీకు చెప్పకూడదని." తాత పలకను నా వైపు తిప్పాడు. చదువుకున్నాను.

బావి ఒడ్డు విరిగి నేను, ఎర్రిస్వామి, లోపల పడ్డాను. మోకాటి కింద ఎముక బయటికి వచ్చింది. జ్వరంగా ఉంది. కట్టు కట్టే మనిషిని తొందరగా పంపండి. సుంకమ్మకు తెలియనియ్యొద్దు, బెంగపడి తిండి మానేస్తుంది. అందుకే ఈ రేకు వాడుతున్నా. వేరే ఏది పంపినా అది చదివేస్తుంది.

మేము 'అందింది' అని వెలుగు చూపించాం. ఆయన చూశాడు. మూడు రోజులుగా కట్టు కట్టే మనిషి వస్తాడని కొండ అంచు వైపు చూస్తూ పడుకుని ఉంటాడు. అట్లా పడుకునే ఊక రాసి బాలన్న చేత పంపిస్తున్నాడు, రోజూ పంపకపోతే నాకు అనుమానం వస్తుందని.

మా కొండ మీద కట్లు కట్టే మునెప్ప తన కట్లపెట్టె సర్దుకున్నాడు. నేనూ వెళ్తున్నాను. నా పీట ఎవరు చూస్తారని తాతను అడగలేదు. హంపమ్మ అప్పటికే పలకలు వరసగా పెడుతోంది.

దుమ్ము నెల, 16

నల్లబోడు.

నిన్న పొద్దు వాలుతుండగా వచ్చాం. పాదం నల్లబడిపోయింది. మునెప్ప చూసి నన్ను పక్కకు తీసుకుపోయి, "మూడు దినాలు ముందు వచ్చింటే కాలు నిలబెట్టేవాణ్ణి తల్లీ. ఇప్పుడు మనిషిని నిలబెడతా" అన్నాడు. మోకాటి కింద తీసేశారు. బాలన్న పట్టుకున్నాడు. నేను ఆయన తల పట్టుకున్నాను. దాని గురించి ఇంతకంటే రాయలేను.

ఈరోజు జ్వరం దిగింది. కళ్ళు తెరిచి నన్ను చూడగానే "నీకెవరు చెప్పినారు మే?" అన్నాడు కోపంగా. గంజి తాగించాను. తాగినాక, "మూడు దినాలు ఏం చేసినారు మీరంతా?" అని అడిగాడు. మామూలుగానే అడిగాడు. నేను దాచలేదు. జంటల సంగతి, సంచి సంగతి, ఆ పిల్లకు వేసిన ఒట్టు సంగతి, నాకు ఒళ్ళు మండిన సంగతి, ఊక అని చెప్పిన సంగతి, అన్నీ చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

తల కాస్త ఎత్తి నన్ను చూశాడు.

"నేనా?" అన్నాడు. "నేను దినామూ సంచిలో చెయ్యి పెట్టి ఒక్కో గింజ తీసి రాస్తాననుకున్నావా?"

"ఒట్టేశావంట కదా."

"నీకు ఎన్ని ఒట్లు వేసినా. ఒక్కటన్నా ఉంచుకున్నానా? ఇంతకాలం నాతో కాపురం చేసి, నన్ను పనిమంతుడని ఎట్ల అనుకున్నావే?"

నవ్వొచ్చింది. ఆయనా నవ్వబోయి, నొప్పికి పళ్ళు బిగించాడు. నేను దుప్పటి సర్దాను. ఒకవైపు దుప్పటి మోకాటి కిందే చదునుగా పడిపోయింది. అప్పుడు ఏడ్చాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. కాసేపటికి, "బాలన్న చెయ్యి అని కనిపెట్టింది ఎవరు?" అన్నాడు.

"హంపమ్మ."

"మంచి పిల్ల."

"అవును" అన్నాను. అది నిజమే. అయినా ఆ ముక్క ఆయన నోట వినడం నాకు ఇష్టం లేకపోయింది. కాలు పోయిన మనిషి ముందు కూర్చుని కూడా ఇష్టం లేకపోయింది. ఇది కూడా రాసిపెడుతున్నాను.

దుమ్ము నెల, 24

గద్దగుట్ట నుంచి నిన్న కబురు వచ్చింది. ఆయన లేచి తిరిగేదాకా నన్ను ఇక్కడే ఉండి అద్దం చూసుకోమన్నారు. రకాలు చెప్పే పీట హంపమ్మదే ఇక. తాత మెత్తగానే చెప్పాడు. మజ్జిగ అంతా దానికే.

పొద్దున ఊక వంతు నాది. సంచి తీసి గింజలతోనే చేశాను. ఆయన మంచం మీద నుంచి చూస్తూ "ఎందుకు మే ఆ కష్టం, నోటికొచ్చింది రాసెయ్" అన్నాడు. నా కోపం చూసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తర్వాత ఒక కబురు రాశాను, హంపమ్మకు. జంటల గుట్టు మొత్తం. ఊక ఎట్లా గుర్తుపట్టాలి, బద్ధకస్తులు ఏ తప్పు చేస్తారు, ఎవరి మాట వినకుండా ఇంకో పలక వచ్చేదాకా ఎట్లా ఆగాలి. చుట్టుమాటతో తాళం వేశాను, పొడుగాటి మాట పెట్టి. తలమాట మాత్రం పెట్టలేదు. అన్నీ పళ్ళెంలో పెట్టి ఇవ్వాలా? రకం తనే చెప్పుకోవాలి. సాయంత్రందాకా కొట్టుకుంటుందని లెక్కవేసుకుని, బట్టలు ఉతకడానికి కూర్చున్నాను.

రెండో చీర పిండక ముందే గద్దగుట్ట అద్దం వెలిగింది. నేను వేసిన తాళంలోనే, నా పొడుగాటి మాటతోనే జవాబు.

"అందింది వదినా. అన్నీ అర్థమైనాయి. ఎర్రన్న నడుస్తాడా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. చేతులు తుడుచుకుని అద్దం దగ్గరికి వెళ్ళాను. లోపల కట్టెల చప్పుడు. బాలన్న చెక్కిచ్చిన కర్రలు చంకల్లో పెట్టుకుని, గోడ పట్టుకుని, మా ఆయన నిలబడటానికి తిప్పలు పడుతున్నాడు. నేను అటు పోలేదు. అద్దం తిప్పి, వెలుగు సరిచూసుకుని జవాబు పంపాను.

నడుస్తాడు.